మీ గురించి చెప్పండి

ఆ పెద్దాయన రెజ్యూమెలో రెండే వాక్యాలున్నాయి.

'గాజుసీసాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఉన్నాను. అప్పజెప్పిన పని చేశాను.'

ఆఫీసరు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అటువైపు తెల్లగా ఉంది.

మరో ఫ్యాక్టరీలో ఉద్యోగాలిచ్చే ఈ ఆఫీసరుకి వర్కర్లు పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను. దరఖాస్తు చేతికొస్తే చాలు, కొట్టెయ్యడానికి పెన్ను మూత తీసేవాడు. పాపం, ఆయన బాధ ఆయనది. వచ్చిన ప్రతి రెజ్యూమె వీధి చివరి జిరాక్స్ కొట్టులో పుట్టినదే. అందరూ కష్టజీవులే, అందరికీ కొత్తవి నేర్చుకోవాలన్న తపనే. ఇద్దరైతే శాంపిల్ కాగితంలో ఉన్న తండ్రి పేరు కూడా మార్చకుండా అన్నదమ్ములైపోయారు.

అవి చదివీ చదివీ ఆయనకు మనుషుల మీదే విరక్తి పుట్టింది.

అలాంటి సమయంలో, మూతపడ్డ ఆ సీసాల ఫ్యాక్టరీ నుంచి పది రెజ్యూమెలు వచ్చాయి.

'మెషీన్ ఆగిపోయే ముందు దాని చప్పుడు మారుతుంది. అది నాకు అందరికన్నా ముందు వినిపిస్తుంది.' ఇది మెకానిక్‌ది.

'బీటలున్న సీసా డబ్బాలోకి వెళ్లకుండా చూడటం నా పని. అందులో ఎవరి బిడ్డకో మందు పోస్తారని ఒక్కరోజూ మర్చిపోలేదు.' ఇది ప్యాకింగ్ అమ్మాయిది.

పెన్ను మూత తియ్యకుండానే పదిమందినీ కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

ఇక మిగిలింది షిఫ్టు ఇన్‌చార్జి ఉద్యోగం. దానికోసమే ఈ పెద్దాయన వచ్చాడు.

"మీ గురించి చెప్పండి."

"ఏముందండీ... షిఫ్టు చూసుకునేవాణ్ణి. మంచి పిల్లలండీ మావాళ్లు. ఆ ప్యాకింగ్ అమ్మాయి ఇక్కడే చేరిందట కదా. దానికి దుమ్ము పడదు, కాస్త కిటికీ పక్కన..."

"నేనడిగింది మీ గురించి."

పెద్దాయన తలదించుకున్నాడు. చిరిగిన చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకున్నట్టు తెలుస్తోంది.

"మీరు చేసిన ఒక్క గొప్ప పని చెప్పండి చాలు."



"నా గురించి చెప్పుకోడానికి నాకు నోరు రాదండీ. వచ్చే నెలకి యాభై ఐదు నిండుతాయి. ఆ తర్వాత ఎవరూ దరఖాస్తు కూడా తీసుకోరు. ఇదే ఆఖరిది. ఒక్క నెల చూసి, నచ్చకపోతే పంపించెయ్యండి."

ఆఫీసరుకి జాలేసింది. జాలికన్నా చిరాకు ఎక్కువేసింది.

"తన గురించి నాలుగు మాటలు రాసుకోలేనివాడు పదిమందిని ఏం నడిపిస్తాడండీ? ఇదిగో, ఇది చూడండి. మీ ఫ్యాక్టరీ అమ్మాయే. రెజ్యూమె అంటే ఇలా ఉండాలి. చూసి నేర్చుకోండి."

పెద్దాయన అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"బాగుందండీ," అన్నాడు. కాగితం నలగకుండా బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగం ఒక మాటకారికి దక్కింది. 'నాయకత్వం' అన్న మాట తొమ్మిదిచోట్ల రాసుకున్న ఆ మహానుభావుడు మూడు వారాలు అందరితో గొడవలుపడి, నాలుగో వారం చెప్పాపెట్టకుండా మానేశాడు. ఎర్రపెన్నుకి పైనుంచి అక్షింతలు పడ్డాయి.

ఆ మర్నాడు పొద్దున్నే సీసాల ఫ్యాక్టరీ వాళ్లు పదిమందీ సెలవు చీటీలు పట్టుకుని గది ముందు నిలబడ్డారు.

"అందరికీ ఒకేరోజు సెలవా? లైను ఎవరు నడుపుతారు, నేనా?"



విసుగ్గా చీటీలు అందుకున్నాడు. 'సెలవు కావాలి కాబట్టి సెలవు ఇవ్వాలి' అని రాశాడు మెకానిక్. ప్యాకింగ్ అమ్మాయిది అంతకన్నా అన్యాయం.

"ఏంటమ్మా ఇది? రెజ్యూమె అంత బాగా రాసుకున్నదానివి, చీటీ ఇలా తగలేశావేం?"

"అది నేను రాయలేదు సార్. మాకెవరికీ అలా రాయడం రాదు." ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "ఫ్యాక్టరీ మూసేశాక ఒకాయన ఇంటింటికీ వచ్చి, మమ్మల్ని కూచోబెట్టి, అడిగి అడిగి రాసిచ్చారు. నేనంత మంచిదాన్నని ఆయన రాసేదాకా నాకే తెలీదు సార్."

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

"ఎవరాయన? ఇప్పుడే పిలిపించు. మనుషుల్ని అంత బాగా తెలిసినవాడి కోసమే కదమ్మా నేను చచ్చేట్టు వెతుకుతున్నది!"

"తెల్లవారుజామున పోయారు సార్. ఈ సెలవు అందుకే."

ఆఫీసరు చీటీలన్నీ బల్లమీద పెట్టేశాడు.

"పోయిన నెల ఇన్‌చార్జి ఉద్యోగానికి మీ దగ్గరికే వచ్చారు కదా సార్... తిరిగొచ్చి మీ గురించి ఎంత గొప్పగా చెప్పారో, రాసిన ప్రతి మాటా చదివే ఆఫీసరు దొరికాడు, ఇంక మాకేం భయం లేదని."