మంచులో దాచిన కార్డులు

ఆఖరి వాయిదా కట్టేశామని అమ్మ చెప్పగానే, ఫ్రీజర్‌లోంచి స్టీలు గిన్నెలు రెండూ తీసి బల్ల మీద పెట్టాను. కత్తెర తెచ్చుకున్నాను.

ఇద్దరివీ పెద్ద జీతాలే. అయినా అప్పులు పెరిగిపోయాయని, అమ్మా నాన్నా ఎవరి క్రెడిట్ కార్డును వాళ్లే నీళ్లలో వేసి గడ్డకట్టించారు. ఇక ముట్టుకోమని నాకు మాటిచ్చారు. అప్పటినుంచి నేను ఒక్క స్కూలు టూరుకీ వెళ్లలేదు.

"ఇప్పుడెందుకే, ఉండనీ," అన్నాడు నాన్న.

"కత్తిరించేస్తే పీడ వదులుతుంది నాన్నా."

ముందు నాన్న గిన్నెలో మంచు కరిగింది. అందులో ఉన్నది క్రెడిట్ కార్డు కాదు, ఆయన పాత ఆఫీసు గుర్తింపు కార్డు.

"నువ్వైనా అడుగమ్మా," అన్నాను.

అమ్మ గబుక్కున బల్ల దగ్గరికొచ్చింది. ఇంకా కరగని తన గిన్నెను తీసుకెళ్లి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేసింది.