పన్నెండో నక్షత్రం

"సర్, ఒక్క సంతకం. ఆటో బయటనే ఉన్నది," అంది నిషాత్, చెప్పులు విప్పుతూనే.

థీసిస్ ఇవ్వడానికి ఇవాళే ఆఖరి రోజు. యూనివర్సిటీ రెండుసార్లు గడువు పెంచింది, మూడోసారి కుదరదంది. పట్టా వస్తే కోరుట్ల కాలేజీలో ఆమె ఉద్యోగం నిలుస్తుంది. రాకపోతే వచ్చే నెల నుంచి వంటింట్లో పర్మినెంటు.

గైడు జలపతి సారు, జగిత్యాలలో తన ఇంటి వరండాలో కూర్చుని, చివరి అధ్యాయం తెరిచాడు. మిగతావన్నీ ఎప్పుడో చదివాడు. కంటి ఆపరేషన్ వల్ల ఇదొక్కటే మిగిలింది.

ఎసరు మరిగితే మూత అదురుతుంది. లోపలి మరుగుడుకు సూర్యుడూ అలాగే అదురుతాడు. ముసలివై, ఉబ్బి, ఎర్రబడిన నక్షత్రాలూ అంతే. ఆ అదురుకు వాటి వెలుగు వెంట్రుకవాసి పెరిగి తగ్గుతుంది. దాన్ని పట్టుకుంటే నక్షత్రం బరువు చెప్పొచ్చు.

అంతరిక్షంలోని టెలిస్కోపు కొలిచిన వెలుగు లెక్కలు ఎవరైనా తీసుకోవచ్చు. నాలుగేళ్ల కిందట సారు పన్నెండు ఎర్ర నక్షత్రాల లెక్కలు ఇంటర్నెట్ నుంచి దింపి నిషాత్‌కు ఇచ్చాడు. పదకొండింటి అదురు అప్పటికే ఎవరెవరో పట్టేశారు. పన్నెండోదాంట్లో ఏమీ లేదని పెద్దపెద్దవాళ్లే రాసి వదిలేశారు.

నిషాత్ వదల్లేదు. చెల్లెలు ఫిర్దోస్ పెళ్లిలోనూ ఆమె ఒళ్లో ల్యాప్‌టాపే. వచ్చిన రెండు సంబంధాలూ తిరిగిపోయాక తల్లి గుల్షన్ బీ, "గా ఎర్ర చుక్కనే నిఖా చేస్కో పో" అని దండం పెట్టేసింది.

"పన్నెండోది దొరికింది సర్! పుస్తకంల రాసినట్టే ఉన్నది, గింతంత తేడా లేదు. అంత పెద్దోళ్లకు ఎట్ల కనిపియ్యలేదో!" అంది నిషాత్, సారు తిప్పుతున్న పేజీల్లోకి తొంగిచూస్తూ.

సారు పన్నెండో నక్షత్రం గ్రాఫు దగ్గర ఆగిపోయాడు. గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"ఏమన్నా తప్పు పోయిందా సర్?"

"లేదు బిడ్డా. నీ లెక్క కరెక్టే ఉన్నది."

"మరింక చూసుడేంది? పొల్ల నిలవడ్డది, సంతకం పెట్టరాదా," అని చాయ్ తెచ్చిన సారు భార్య గంగవ్వ గదిమింది.

సారు పెట్టాడు.

నిషాత్ చాయ్ నిలబడే ఊదుకుంటూ తాగింది. "అమ్మా, ఇగ నన్ను డాక్టర్ నిషాత్ అనాలె, సరేనా," అని నవ్వుతూ పరుగెత్తింది. ఆటో మలుపు తిరిగేదాకా సారు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏందయ్యా, కండ్లల్ల నీళ్లు?" అంది గంగవ్వ. "సొంత బిడ్డ గెల్చినంత సంబురమా?"

"ఆ పన్నెండో చుక్కల ఏం లేదు గంగా, పొల్లకు పట్టుకొనుడు వస్తదా రాదా చూద్దామని, లెక్కలు ఇచ్చేటప్పుడే అండ్ల దొంగ అదురు నేనే కలిపి, చెప్పుడు మరిచిన."