అన్న ఇచ్చిన మందు

మలంలో రక్తం చూసి, వయసులో ఉన్నాం కదా, మొలలే అనుకునేవారు నా ఆసుపత్రికి ఇంకా వస్తూనే ఉన్నారు గనుక ఇది చెప్పవలసి వస్తోంది.

ఇరవయ్యారేళ్ల యువకుడికి పెద్దపేగులో క్యాన్సర్ ఉందని చెప్పాను. మందుల షాపు నడిపే అతని అన్న నా గొంతు పట్టుకుని తలను గోడకేసి బాదాడు. నా కళ్లద్దాలు పగిలి కనుబొమ చీరుకుపోయింది.

"ఈ వయసులో క్యాన్సరా? నోటికొచ్చింది కూస్తావా?"

తమ్ముడు అతణ్ణి వెనక్కి లాగాడు. "వదులన్నయ్యా. ఏడాదిగా మొలల మందిచ్చింది నువ్వు. ఆయన్ని కొడితే ఏమొస్తుంది?"

అన్న పెదవి చిట్లేదాకా తన ముఖాన్నే గుద్దుకున్నాడు. నేను అతని చేతులు పట్టుకున్నాను.

"ఈ వయసులో వచ్చిందంటే వంశంలో ఉండొచ్చు, తోబుట్టువులకూ పరీక్ష చేయాలండి. మీకెప్పుడైనా రక్తం పడిందా?"

"నేను వాడుతున్న మందే వాడికిచ్చాను," అన్నాడు.

తమ్ముడికి వచ్చే వారం ఆపరేషన్. అన్నకు ఉన్నవి మొలలేనో కావో ఇంకా తెలియదు.