గుర్రం జాతకం

"పొడి ఇసుకలో కుదరదు. నీళ్ల పక్కన తడి ఇసుకలోనే పరిగెత్తాలి. ఒప్పుకుంటేనే పందెం!" అన్నాడు నరేంద్రబాబు.

విడవలూరు దాటాక వచ్చే సముద్రపుటొడ్డున పొద్దున్నే రెండు వందలమంది పోగయ్యారు. చోటే సాహెబ్ కూతురి వైపు చూశాడు. సాహిరా అప్పటికే తమ ముసలి ఆడగుర్రం మున్నీ మీద ఎక్కి కూర్చుంది. సెలవురోజుల్లో ఆ గుర్రం మీద పిల్లల్ని ఎక్కించి తిప్పితేనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది. ఒడ్డున కొత్తగా రిసార్టు కట్టిన నరేంద్రబాబు ఆ సవారీలు కూడా తనకే కావాలన్నాడు. ఓడిన గుర్రం రేపట్నుంచి ఈ ఒడ్డున కనిపించకూడదు. అదీ పందెం.

"తడి ఇసుకే ఎందుకు బాబూ?" అన్నాడు చోటే సాహెబ్.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు నరేంద్రబాబు ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీశాడు.

"ఇది మా గుర్రం స్టెల్లా జాతకం. మనుషులకు కూడా ఇంత వివరంగా రాయరు. దీని తల్లి పేరు మాన్సూన్ మల్లిక. వానకు నానిన నేల మీద తొమ్మిది పందేలు పరిగెత్తి తొమ్మిదీ గెలిచింది. ఎండిన నేల మీద ఒక్కటీ గెలవలా! ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తాదా సాహెబూ?"

అంతటితో ఊరుకోలేదు. పశువుల డాక్టరు గిద్యోనును పిలిచి స్టెల్లా మెడ మీద ఒక మిషను పెట్టించాడు. చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు ఉందట. మిషను కీచుమంది. గిద్యోను నంబరు చదివి, కాగితంలోని నంబరుతో సరిచూసి, "సరిపోయింది" అన్నాడు. కాగితంలో తండ్రి పేరు కింద, తల్లి పేరు కింద కూడా అలాంటి నంబర్లే ఉన్నాయి. గుర్రాలకూ ఆధార్ ఉంటుందని జనానికి ఆ రోజే తెలిసింది.

"నీ గుర్రం తల్లెవరో చెప్పు చూద్దాం!" అన్నాడు నరేంద్రబాబు.

"మా మున్నీకి కాగితాలేడివి బాబూ? పెట్టింది తింటాది, చెప్పినట్టు నడుస్తాది."

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంట!"

జనం గొల్లుమన్నారు. సాహిరాకు ఒళ్లు మండిపోయింది.

"తడి ఇసుకే కానీ అబ్బా! కావాలంటే నీళ్లలో కూడా పరిగెత్తిస్తా!" అంది తండ్రితో.

అలలకు పిల్లలు జడుసుకుంటారని మున్నీని ఇన్నాళ్లూ పైన పొడి ఇసుకలోనే తిప్పారు. తడి ఇసుకలో అది ఎలా పరిగెడుతుందో చోటే సాహెబుకే తెలియదు.

స్టెల్లా మీద చెన్నై నుంచి పిలిపించిన జాకీ క్రాంతి కుమార్ ఎక్కాడు. దూరంగా బోర్లించిన పడవే గెలుపు గుర్తు. గిద్యోను ఎర్ర తువ్వాలు ఊపాడు.

స్టెల్లా ఎగిరి దూకింది! జాతకం అబద్ధమాడలేదు. తడి ఇసుక మీద ఆ నాలుగేళ్ల గుర్రం బాణంలా దూసుకుపోతుంటే నరేంద్రబాబు, "అదీ రక్తం! అదీ రక్తం!" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డెంబడి పరిగెత్తాడు.

అప్పుడు చూశారు జనం మున్నీని. రోజూ కాళ్లీడ్చే ముసలిది, చెవులు వెనక్కి వాల్చి, మెడ చాచి, నీళ్లు చిమ్ముకుంటూ వస్తోంది. సాహిరా కళ్లెం వదిలేసి జూలు పట్టుకుంది. "పద మున్నీ! పద!" అని అరుస్తోంది, నవ్వుతోంది, ఏడుస్తోంది. అందుకుంది! పక్కకొచ్చేసింది!

ఇంకొక్క వంద గజాలు. క్రాంతి కుమార్ కొరడా ఝళిపించాడు. స్టెల్లా వేగం పెంచలేదు. మున్నీ డొక్కకు ఆనుకుని, దాని అడుగులో అడుగు వేస్తూ పరిగెత్తింది. పడవ దాటేసరికి మున్నీ తల ముందుంది.

జనం కేకలకు సముద్రం హోరు వినపడలేదు. చోటే సాహెబ్ ఇసుకలో కూలబడి రెండు చేతులూ ఆకాశానికెత్తాడు.

"ఏందయ్యా అది?" అని జాకీ మీద విరుచుకుపడ్డాడు నరేంద్రబాబు.

"దాటనంటాది సార్! ఎంత కొట్టినా దాని పక్కనే అంటుకోని వచ్చింది. నా సర్వీసులో ఇట్టాంటిది చూడలా."

స్టెల్లా మున్నీ మెడకు మూతి ఆనించి నిలబడి ఉంది. కళ్లెం పట్టి లాగినా కదలడం లేదు. నరేంద్రబాబు మున్నీని ఎగాదిగా చూశాడు.

"సవారీలు తిప్పే గుర్రం ఇట్టా పరిగెత్తాదా? ఎవరిదో రేసు గుర్రాన్ని ఎత్తుకొచ్చినాడు! డాక్టరూ, దీని మెడకు కూడా పెట్టు ఆ మిషను. దొంగ గుర్రమని తేలితే పందెం చెల్లదు!"

"అల్లా తోడు బాబూ! మూడేళ్ల కింద అరవదేశం సంతలో కొన్నా. చీటీ కూడా ఉండాది. ముసలిదని ఒక్కరూ బేరమాడలా."

గిద్యోను మున్నీ మెడ మీద మిషను ఆనించాడు. అది కీచుమంది. సాహిరా తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూసినారా! ఉండాది చిప్పు!" అని చప్పట్లు కొట్టాడు నరేంద్రబాబు.

గిద్యోను నంబరు ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత నరేంద్రబాబు చేతిలోని ప్లాస్టిక్ కవరు మెల్లగా లాక్కున్నాడు.

"నా కాగితం నీకెందుకయ్యా? ఆ నంబరు ఎవరిదో చెప్పు!"

"ఈ కాగితంలోనే ఉండాది బాబూ," అంటూ గిద్యోను వేలు పెట్టి చూపించాడు. "మీ స్టెల్లా తల్లి పేరు కింద."