గద పట్టిన పూజారి

"నారాయణమూర్తి కళ్ళు పోను!"

పాతపట్నంలో సెల్లు రిపేరు షాపు షట్టరు ఎత్తుతూ జగన్నాధం రోజూ చదివే సుప్రభాతం అది.

నారాయణమూర్తిది పక్క పొలం. ఏటా తనవైపు గట్టు చెక్కి, ఆ మట్టి జగన్నాధం వైపు మెత్తేవాడు. అలా జానెడు జానెడుగా పన్నెండేళ్లలో ఏడు సెంట్లు మింగాడు.

అడగబోతే గట్టుమీద నిలబడి "గట్టుకి కాళ్ళొచ్చినాయేటి బావా?" అని నవ్వాడు.

ఆ నవ్వుతో మాటలు తెగిపోయాయి.

2018లో, రిపేరుకొచ్చిన ఓ ఫోనులో చూసి, జగన్నాధం ఒక ఆట దించుకున్నాడు.

సూర్యుడు లేని రాజ్యం. కూలిన గుళ్ళు, పుర్రెల దారులు, దారినిండా రాక్షసులు. ఆ రాజ్యం చివర నల్లకోట. అందులో జగన్నాధం కత్తి పట్టిన వీరుడు. పేరు పెట్టమంటే కసికొద్దీ "ఏడుసెంట్లు" అని పెట్టాడు.

మొదటి వారంలోనే రాక్షసులు చుట్టుముట్టి కూల్చేశారు.

అప్పుడు పొగలోంచి ఒకడు వచ్చాడు. ఒంటికి ఇనుప కవచం, నుదుట బూడిద, కుడిచేత గద, ఎడమచేత దీపం. ఆ రాజ్యపు మహాపూజారి, ఎక్కడో కూర్చుని ఇంకెవరో ఆడుతున్న పాత్ర.

గదతో నలుగుర్ని పడగొట్టాడు. దీపం వంచి తన ప్రాణంలో కొంత వీరుడికి పోశాడు.

తెరమీద అక్షరాలు పడ్డాయి. "లెగు గురువా. ఇంతలోకే పడిపోతే ఎలగ?"

జగన్నాధం ఎగిరి గంతేశాడు. "మన యాసే! ఏ ఊరు పూజారీ నీది?"

"పూజారికి ఊరేటి? దీపం ఎక్కడుంటే అదే ఊరు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం బేరాలు పలచబడగానే ఇద్దరూ చీకటి రాజ్యంలో దిగేవారు. వీరుడు పడితే పూజారి లేపేవాడు. వీరుడు రోజూ పడేవాడు.

"ఆ పేరేటి గురువా, ఏడుసెంట్లు?" అని ఓసారి అడిగాడు పూజారి.

జగన్నాధం గట్టు కథంతా టైపు చేశాడు. వేళ్ళు నొప్పెట్టాయి గానీ ప్రాణం తేలికపడింది.

గద ఎత్తకుండా నిలబడిపోయిన పూజారిని ఓ రాక్షసుడు రెండు దెబ్బలు కొట్టిపోయాడు.

"అడిగినోడికి ఎటకారంగా సెప్పడం తప్పే గురువా," అన్నాడు చివరికి.

"తప్పా? మహాపాపం! ఆడి కళ్ళు పోవాల!"

"నువ్వు ఎన్ని సార్లు అనీసినావో, ఈపాటికి పోయే ఉంటాయిలే. పద, రాక్షసులు కాసుకున్నారు."

మరుసటి ఏడు ఉభాలకి, వరి నాట్ల ముందు పొలం తడుపుదామని వెళ్ళిన జగన్నాధం నోరెళ్ళబెట్టాడు. గట్టు జరిగింది. పాత తాటిమొద్దు దగ్గరికి, ఎక్కడుండేదో అక్కడికే వచ్చేసింది. కొత్త మట్టి ఇంకా ఆరలేదు.

"కోర్టుకి ఎక్కుతానని టీ కొట్టుకాడ అన్నాను పూజారీ. ఆడి సెవిన పడ్డాది. దడిసిపోనాడు!"

"దడుస్తాడు మరి. నువ్వేమైనా సామాన్యుడివేటి? ఇంక ఆ పేరు మార్చీ."

"ఉండనీ. అలవాటైపోనాది."

ఏడో తరగతిలో బడి మానేసిన జగన్నాధం జన్మలో ఏదీ నెగ్గలేదు. ఇప్పుడు గట్టు నెగ్గాడు. నల్లకోట కూడా నెగ్గితే చాలనుకున్నాడు.

"ఒచ్చే సంక్రాంతికి తీరిగ్గా కొడదాం కోట," అన్నాడు.

"కాదు గురువా, ఈవేళే. తెర మసకైపోతంది నాకు."

"బ్రైట్‌నెస్ పెంచుకో. ఆమాత్రం తెల్దేటి? నా షాపుకి తెస్తే చిటికెలో చేసి పెడుదును."

"పంపిస్తాన్లే," అన్నాడు పూజారి.

కోట గుమ్మంలో ఇద్దరూ మూడు గంటలు కొట్టారు. వీరుడు నాలుగుసార్లు పడ్డాడు. నాలుగుసార్లూ దీపం వంగింది. పూజారి గద గాలిలోకే ఎక్కువ పోతోంది. పక్కనున్న రాక్షసుణ్ణి ఒదిలేసి గోడని కొడుతున్నాడు.

"ఎటేపు కొడతన్నావు పూజారీ! కుడేపు! కుడేపు!"

"నువ్వు సెప్తూ ఉండు గురువా, నేను కొడతాను."

ఐదోసారి వీరుడు పడ్డాడు. పూజారి దీపం మొత్తం ఒంపేశాడు. అలా ఒంపిన పూజారి ఆ రాజ్యంలో మళ్ళీ లేవడు. అది ఆట నియమం.

"ఒద్దు పూజారీ! రెండేళ్ళ ఆట నీది!"

"నాకింక అక్కర్లేదు. నువ్వెల్లు."

జగన్నాధం వెళ్ళాడు. కోట నెగ్గాడు. పక్క కొట్లో కనపడ్డవాళ్ళందరికీ టీలు పోయించాడు. కళ్ళు తుడుచుకుంటూ, పొయ్యి పొగ అన్నాడు.

పూజారి మళ్ళీ రాలేదు. కొత్త దీపంతో వస్తాడులే అని జగన్నాధం నిబ్బరంగా ఎదురుచూశాడు. ఆ సంవత్సరం పంట బాగా పండింది. సుప్రభాతం మాత్రం మానలేదు.

ఓ ఉదయం అలాగే అది చదివి షట్టరు ఎత్తి తిరిగేసరికి, మెట్టుమీద నారాయణమూర్తి భార్య రాజకుమారి.

"ఏటి?" అన్నాడు బిగుసుకుపోయి.

"ఈ ఫోను అన్నయ్యా. ఏరే షాపుకి ఒద్దన్నారు, నీకే ఇచ్చీమన్నారు. ఇంక ఆయనకి పనికిరాదు."

"ఏటైనాది దీనికి?"

"దీనికేటీ అవలేదు. తెర మసక, తెర మసక అని ఆర్నెల్లు ఫోన్నే తిట్టీసినారు. సుగరు జబ్బు అన్నయ్యా. ఇశాపట్నం డాక్టర్లు రెండు కళ్ళూ ఇంక రావన్నీసినారు."

ఆమె వెళ్ళిపోయింది.

జగన్నాధం అలవాటుగా వేలు జరిపి చూశాడు. బ్రైట్‌నెస్ నిండుగా ఉంది.

ఫోనులో ఒక్క ఆటే ఉంది. నొక్కాడు.

సూర్యుడు లేని రాజ్యంలో, ఆరిపోయిన దీపం పట్టుకుని మహాపూజారి పడి ఉన్నాడు; కింద అతని స్నేహితుల పట్టీలో ఒకే ఒక్క పేరుంది, ఏడుసెంట్లు.