సంచికి ఇంకో మాట

"మాస్టారూ, కొంప ముంచారు! ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగుని స్పానిష్‌లో ‘తాస్కా’ అంటారని చెప్పారా లేదా?"

"చెప్పాను. ఏమైందిప్పుడు?" అన్నాడు భాషల మాస్టారు, ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకుని.

"ఇటాలియన్‌లో తాస్కా అంటే జేబట. స్పానిష్‌లో అయితే మందు అమ్మే కొట్టట! ఇలాగే అచ్చయితే, మందుకొట్టు భుజాన తగిలించుకుని ఊరేగండమ్మా అని చెప్పినట్టే. మా ఓనరు చూశారంటే నా ఉద్యోగం హుష్‌కాకి."

ఆ అమ్మాయి సంచుల కంపెనీలో గుమస్తా. క్యాటలాగు నాలుగు భాషల్లో వేస్తున్నామంటూ రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఏదో ఒక మాట అడుగుతుంది.

"అయ్యయ్యో, పొరపాటయిపోయింది తల్లీ. ‘బోల్సో’ అని రాసుకో. వయసు మీద పడింది కదా, ఏ భాష మాట ఏ భాషలో దూరుతోందో తెలిసి చావడం లేదు."

"పోన్లెండి. ఇంతకీ భోంచేశారా? నేనింకా లేదు, ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాదు. అన్నట్టు, చిల్లర వేసుకునే చిన్న పర్సుని ఫ్రెంచ్‌లో ఏమంటారు?"

"అదా? ఆలోచించి చెబుతాను. రేపు చెయ్యమ్మా."

ఆలోచించడానికేముంది నా మొహం! ‘పోర్త్‌మొనే’. జీవితమంతా పాఠాలు చెప్పిన నోరు, నిద్రలో లేపి అడిగినా తడుముకోదు. తాస్కా సంగతీ ఆయనకి తెలుసు. సరైన మాట చెబితే ఫోను చిటికెలో అయిపోతుంది. తప్పు చెబితే మళ్ళీ మోగుతుంది. భార్య పోయాక ఆ రెండు గదుల్లో ఆయన్ని పలకరించే గొంతు అదొక్కటే. పాల ప్యాకెట్ వేసేవాడు కూడా బెల్లు కొట్టకుండా గుమ్మంలో పడేసి పోతాడు. పాడు ఒంటరితనం, పెద్దమనిషి చేత కూడా అబద్ధాలాడిస్తుంది.

కానీ ‘హుష్‌కాకి’ అన్న మాట ఆయన్ని కూర్చోనివ్వలేదు. తన కబుర్ల కోసం పరాయి పిల్ల పొట్ట కొట్టడమా? నిజం చెబితే ఆ ఫోను ఇక మోగదు. మోగకపోతే పోనీ, ఆ పిల్ల చల్లగా ఉంటే చాలనుకుని కంపెనీ నంబరు వెతికి పట్టుకున్నాడు.

"అయ్యా, నేను భాషల మాస్టార్ని. మీ క్యాటలాగులో తప్పులు పడితే అవన్నీ నావే, కావాలనే చెప్పాను. మీ గుమస్తా అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి. మాటలన్నీ ఇకమీదట సరిగ్గా చూసి నేరుగా మీకే పంపుతాను, ఆవిడ నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు."

అవతలినుంచి ఓనరు ఎదురు ప్రశ్న వేశాడు.

"ఏ క్యాటలాగండీ? మేం సంచుల వ్యాపారం కట్టిపెట్టి గొడుగులమ్ముకుంటున్నాం. అయినా మాకున్న ఒక్క గుమస్తా అమ్మాయీ పని మానేసి ఏడాదయింది కదండీ!"