జెండా లేని మొక్కలు

"ఇది వయ్యారిభామ. జెండా వద్దు," అంది పెద్దమ్మ, ఆకు నలిపి వాసన చూసి.

ఆ కలుపూ, మేం జెండా గుచ్చి కాపాడాల్సిన మాచిపత్రీ లేతగా ఉన్నప్పుడు అచ్చం ఒకేలా ఉంటాయి. వాసనతోనే తేడా తెలుస్తుంది. నేనూ నలిపి చూశాను.

"ఇది మాచిపత్రి పెద్దమ్మా. ఇందాక నువ్వు వదిలేసినవీ అవే."

"ముప్పయ్యేళ్లుగా ఈ తోటలో ఉన్నదాన్ని, నాకే నేర్పుతున్నావా? నడు. మందు కొట్టేవాళ్లు వచ్చేశారు. జెండా లేనిదల్లా మాడ్చేస్తారు."

అంటూనే మరో ఆకు నలిపింది. ఇంకోటి నలిపింది.

"జ్వరం తగ్గాక ముక్కు పనిచెయ్యట్లేదే," అంది నెమ్మదిగా. "మేనేజరుకి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు."

గట్టు అవతల పంపు చప్పుడు మొదలైంది. పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు.

పెద్దమ్మ జెండాల కట్ట నా చేతిలో పెట్టి అటు పరుగెత్తింది.

"ఆపించండి సారూ. నాకు వాసన తెలియట్లేదు. ఈ పిల్లకి తెలుస్తోంది."